పాస్ అడక్కండి, టికెట్ కొనండి

వరద బాధితుల కోసమో, ఎవరి ఆపరేషన్ ఖర్చు కోసమో మన ఊరి కుర్రాళ్ల రాక్ బ్యాండ్ వాయిస్తోందంటే పాస్ అడక్కండి, టికెట్ కొనండి. సొంత పాటలు కట్టుకునే ఈ బ్యాండ్లకు సినిమా పాటకున్న జనాదరణ లేదు, కంపెనీల అండా లేదు. పగలు ఉద్యోగాలు చేసి, రాత్రిళ్లు గంటల లెక్కన అద్దె గదిలో సాధన చేసి, డ్రమ్ములూ ఆంప్లిఫయర్లూ ఆటోలో వేసుకొస్తారు. వాళ్లు పారితోషికం వదులుకున్నా హాలు అద్దె, సౌండ్ ఖర్చు తప్పవు. అందుకే ఊరికే పంచే ప్రతి పాసూ బాధితుల వాటాకు కోతే. లెక్కల విషయంలో నిర్వాహకులకూ బాధ్యత ఉంది. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో రాక్ గాయకుడు జార్జ్ హారిసన్, సితార్ విద్వాంసుడు రవిశంకర్ బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రెండు కచేరీలు చేశారు. టికెట్ల సొమ్ము యూనిసెఫ్‌కు త్వరగానే చేరింది. పన్ను మినహాయింపు సంగతి ముందే చూసుకోకపోవడంతో ఆ కచేరీల ఆల్బమ్, సినిమా మీద వచ్చిన డబ్బు మాత్రం ఏళ్ల తరబడి ఇరుక్కుపోయింది. మంచి మనసు ఒక్కటే చాలదు, లెక్కా పక్కాగా ఉండాలి. ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత చేరింది అన్నది కచేరీ అయిన వారంలోగా అందరికీ చెప్పాలి. అలా చెప్పే బ్యాండ్ మళ్లీ పిలిస్తే నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లడం మన ధర్మం.