పంపే ముందు పరిశీలించండి

ఖాజీపేట దర్గా ఉర్సులో హిందువులు, ముస్లిములు కలిసి పాల్గొనడం వరంగల్ వాసులెరిగినదే. తరాలుగా పెరిగిన ఇటువంటి నమ్మకాన్ని ఒక్క అబద్ధపు సందేశం దెబ్బతీయగలదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయన్న వాట్సాప్ వదంతులకు తెలంగాణలో అమాయకులు బలయ్యారు. ఆ జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదుకు మించి పంపకుండా పరిమితి విధించింది.

విశ్వాసికి ఆ హద్దు ఏనాడో ఏర్పడింది. నమ్మదగనివాడు తెచ్చిన వార్తను విచారించకుండా స్వీకరిస్తే, తెలియక ఇతరులకు కీడు చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్య ఖురాన్ అల్ హుజురాత్ అధ్యాయం 6వ వాక్యం హెచ్చరిస్తుంది. 12వ వాక్యం అనుమానాన్నీ, చాడీలనూ నిషేధిస్తుంది.

సందేశాన్ని పంపాక చెరిపివేయవచ్చు. పోయిన ప్రాణాన్ని తేలేము. వేలు కదిపే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది నిజమేనా అని విచారించండి. దైవానికి జవాబు చెప్పవలసినది ఫోను కాదు, మనమే.