పద్దుకెక్కని బాకీలు

జనవరి మొదటి వారంలో ఇంటికి డైరీలు చేరతాయి. బ్యాంకు ఇచ్చింది ఒకటి, ఎల్‌ఐసీ ఏజెంటు ఇచ్చింది ఒకటి, ఇంట్లో టీచరుంటే సంఘం వేసిన డైరీ ఇంకొకటి. మొదటి పేజీలో పేరు, చిరునామా, బ్లడ్ గ్రూపు గుండ్రటి అక్షరాలతో నింపుతాం. సంక్రాంతి దాకా బాగానే సాగుతుంది. కనుమ దాటాక అది పిల్లల రఫ్ నోటు. డైరీ అచ్చిరాలేదనుకున్నవాళ్లు ఫోన్‌లోకి మారిపోయారు. గూగుల్ క్యాలెండర్, కీప్, నోషన్, అవేవీ పట్టుబడకపోతే వాట్సాప్‌లో తమకు తామే పంపుకునే మెసేజీలు. రాసుకోవడానికి చోటు లేదని ఈ రోజుల్లో ఎవరూ అనలేరు. రాసుకుంటున్నది ఏమిటి, ఎవరి కోసం అన్నదానికే మనందరం కలిసి జవాబు చెప్పుకోవాలి.

ఇవాళ్టి జాబితా ఒకసారి తెరిచి చూడండి. ఈఎంఐ తేదీ ఉంటుంది. మనం రాయకపోయినా బ్యాంకే గుర్తుచేసే తేదీ అది. మీటింగు, జిమ్, కారు సర్వీసింగు, గంటకోసారి నీళ్లు తాగమనే హెచ్చరిక. అన్నీ మనకు మనం పెట్టుకున్నవి, లేదంటే చెల్లించకపోతే మెడ మీద కూర్చునేవాళ్లవి. మరి మన మాట నమ్మి అవతల కూర్చున్నవాళ్ల సంగతి? పనమ్మాయి కూతురికి స్కాలర్‌షిప్ ఫారం ఆన్‌లైన్‌లో నింపిపెడతానన్నాం. రిటైరైన సహోద్యోగి పెన్షన్ కాగితం కదిలిస్తానన్నాం. పొలం కౌలుకు చేసుకునే ఆయన కౌలు రైతు కార్డు గురించి అడిగితే “చూద్దాంలే బాబాయ్” అన్నాం. ఊళ్లో ఉన్న పెద్దమ్మకు ఆదివారం ఫోన్ చేస్తానన్నాం. వీటికి అలారం లేదు. వాళ్లు రెండోసారి అడగడానికి మొహమాటపడతారు, ఆ మొహమాటం మీద మనం హాయిగా బతికేస్తాం.

ప్లానర్‌ను పనులు చకచకా తెమిల్చే యంత్రంగా మనకు అమ్మారు. అందులో ముందుగా ఎక్కాల్సినవి బాకీలని నా వాదన. డబ్బు బాకీలు ఎలాగూ ఎక్కుతాయి, మాట బాకీలే ఎక్కడం లేదు.

తెలుగిళ్లలో అసలు ప్లానర్ ఏదో తెలుసుకోవాలంటే వంటింట్లోకి వెళ్లాలి. మేకుకు వేలాడే వెంకట్రామా అండ్ కో క్యాలెండరో, అలాంటిదే మరొకటో అక్కడ ఉంటుంది. దూరం నుంచి కనిపించే లావు అంకెలు, వాటి కింద తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం. ఆ మిగిలిన జానెడు ఖాళీలో ఒక సంసారం మొత్తం ఇరికి ఉంటుంది. 4వ తేదీ దగ్గర “గ్యాస్ వచ్చింది”. 9న పాలు రెండు ప్యాకెట్లు ఎక్కువ. 12న చిన్నోడి ట్యూషన్ ఫీజు. 17న మామగారి బీపీ మాత్రలు అయిపోతాయి. 21న తద్దినం. అక్కడక్కడా అడ్డగీతలు. పనమ్మాయి రాని రోజులవి, జీతం దగ్గర లెక్కకొస్తాయి. చుట్టాలు దిగి ఆమె రెండింతలు అంట్లు తోమిన రోజుకు మాత్రం ఏ గీతా ఉండదు. నెలాఖరున ఒక్కసారి ఆ కాగితాన్ని ఆమె కళ్లతో చదివి చూడండి, మన ఇంటి న్యాయం ఎంతో తెలిసిపోతుంది.

ఆ ఖాళీలో రాసే చేయి కూడా ఎప్పుడూ ఒక్కరిదే. ఇంటిపని ఎవరు ఎంతసేపు చేస్తున్నారో 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతా తిరిగి లెక్కగట్టింది. జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు దానికి ఇస్తున్నారని తేలింది. వండటం, ఊడవటం, ఉతకటం లెక్కకొచ్చాయి. మాత్రలు ఎప్పుడు అయిపోతాయో గుర్తుపెట్టుకోవడాన్ని ఏ గడిలో వేయాలి? కూర కలుపుతూనో బస్సులో నిలబడో చేసే పని అది, దానికి విడిగా నిమిషాలుండవు. “చెబితే చేసేవాణ్ణిగా” అని మగవాళ్లం అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. చెప్పడమూ ఒక పనే, అదీ ఆమె మీదే వేశాం. ఆఫీసు మీటింగు నిమిషంతో సహా ఫోన్‌లో పెట్టుకునే మనిషికి తన తండ్రి మాత్రల తేదీ మాత్రం భార్య గుర్తుచేయాలి. ఈ నెలనుంచి ఆ క్యాలెండర్ మీద ఇంట్లో ప్రతి ఒక్కరి చేతిరాతా కనిపించాలి. పదో తరగతి కుర్రాడిది కూడా.

కాగితం మంచిది, ఫోన్ చెడ్డది అనే పాట నేను పాడబోవడం లేదు. పాలు తెచ్చేవాడూ మాత్రలు కొనేవాడూ వేరైనప్పుడు, ఇంట్లో అందరికీ ఒకే జాబితా కనిపించే ఏర్పాటు ఫోన్‌లో ఉన్నంత తేలిగ్గా గోడ మీద లేదు. హైదరాబాద్‌లో కొడుకు, డాలస్‌లో కూతురు, తెనాలిలో తల్లిదండ్రులు ఉన్న ఇంటికి డాక్టర్ అపాయింట్‌మెంట్ల క్యాలెండర్ ఒక్కటే ఉండటం పెద్ద ఊరట. అయితే ఫోన్‌లో ఒక గుణం ఉంది. చేయని పనిని అది చడీచప్పుడు లేకుండా రేపటికి జరిపేస్తుంది. స్నూజ్ అని ఒక బొత్తాం, ఒక్క నొక్కు. మహా అయితే గడువు దాటిందని ఎర్రగా చూపిస్తుంది, నాలుగు రోజులకు కళ్లు ఆ ఎరుపుకు అలవాటుపడతాయి.

రైడర్ కారల్ అనే అమెరికా డిజైనరు బుల్లెట్ జర్నల్ అనే పద్ధతి తెచ్చాడు. ఖాళీ నోటుబుక్కు, పెన్ను చాలు. పని ముందు చుక్క, అయ్యాక దాని మీద ఇంటూ గుర్తు. నెలాఖరున మిగిలినవాటిని పాతచోట బాణం గుర్తు వేసి, కొత్త పేజీలో మళ్లీ చేత్తో రాయాలి. రంగు పెన్నులతో, స్టిక్కర్లతో దాన్ని ముస్తాబు చేసే వీడియోలు యూట్యూబ్‌లో కొల్లలు, అవి వదిలేయండి. ఆ పద్ధతిలో పస ఉన్నదల్లా మళ్లీ రాయాల్సిరావడంలోనే. “స్కాలర్‌షిప్ ఫారం” అని మూడో నెల రాయబోతే చేయి ఆగుతుంది. అక్కడ రెండే దారులు. ఇవాళ కూర్చుని నింపడం, లేదా ఆ తల్లి దగ్గరకు వెళ్లి “నావల్ల కాలేదమ్మా, మీసేవలో అడుగు” అనడం.

ఆ రెండోది చెప్పడం మనకు చేతకాదు. కాదంటే బాధపడతారేమోనని “చూద్దాం” అంటాం. కాదు అన్న మాట విన్నవాళ్లు ఆ రోజు చిన్నబుచ్చుకుంటారు, మర్నాడు ఇంకో మనిషిని వెతుక్కుంటారు. “చూద్దాం” విన్నవాళ్లు ఆశపెట్టుకుని కూర్చుంటారు, ఈలోగా ఫారానికి ఆఖరి తేదీ దాటిపోతుంది. మన మంచితనం పోకుండా కాపాడుకోవడానికి ఒక పిల్ల ఏడాది చదువు డబ్బు ఖర్చయింది. దీన్ని మర్యాద అందామా?

మాటను పుస్తకంలోకి ఎక్కించి పదిమందిలో చదివే అలవాటు మనకు తెలియనిదేమీ కాదు. బాగా చదువుకున్నవాళ్లే మరిచిపోయారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకు ఎదురుతిరిగిన ఆడవాళ్లు అక్షరాస్యత ఉద్యమంలో అప్పుడప్పుడే అఆలు దిద్దినవాళ్లు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. ఆ జిల్లా ఆడవాళ్లే రోజుకో రూపాయి చొప్పున పొదుపు మొదలుపెట్టారు. డ్వాక్రా పేరుతో ఊరూరా పాకిన సంఘాలకు ఆ ఊపు బలమైంది. ఆ సంఘాలకు పంచసూత్రాలని ఉన్నాయి: క్రమం తప్పకుండా సమావేశం, క్రమం తప్పకుండా పొదుపు, లోపల్లోపల అప్పులివ్వడం, వేళకు తిరిగి కట్టడం, ఎప్పటికప్పుడు పుస్తకాలు రాయడం. మిగతా నాలుగూ నిలబడేది ఆ అయిదోదాని మీదే. అందరూ చాప మీద గుండ్రంగా కూర్చుంటారు. హాజరు వేస్తారు. పోయిన సమావేశంలో ఏం తీర్మానించారో చదువుతారు. కట్టాల్సినవాళ్ల పేరు పైకి వినిపిస్తుంది. కట్టలేనివాళ్లు ఎందుకు కట్టలేదో అక్కడే చెబుతారు, బిడ్డకు జ్వరమొచ్చిందనో, కూలి డబ్బులు రాలేదనో. వాయిదా ఇస్తే అదీ రాస్తారు. చివర సంతకాలు.

ఆ సంఘాలన్నీ ఆదర్శంగా నడుస్తున్నాయని ఎవరూ అనరు. పుస్తకం లీడరు ఇంట్లో బీరువాలో ఉండిపోయిన చోట్ల ఏం జరుగుతుందో ఆ వాడల వాళ్లనే అడగాలి. రాసిన ప్రతి బాకీ న్యాయమైనదీ కాదు. 2010లో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల ఒత్తిడికి కుటుంబాలు కూలిపోతుంటే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు తేవాల్సివచ్చింది. అక్కడా ప్రతి వారం పేరు పిలిచారు, ప్రతి రూపాయీ రాశారు. చాప మీది లెక్కలో కట్టలేనివాళ్ల గోడుకూ ఒక వరుస దొరికేది, ఈ సంస్థల లెక్కలో దొరకలేదు. అందుకే రాయమని చెప్పి ఊరుకుంటే సరిపోదు. పుస్తకం నలుగురి మధ్య తెరవాలి, రాసిందాన్ని తప్పని చెప్పే హక్కు అందరికీ ఉండాలి.

ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ సంఘాలకు రండి. ఇంజినీర్లు, లెక్చరర్లు, ఒకరిద్దరు ఆడిటర్లు. వాచ్‌మన్ గదికి కిటికీ పెట్టించాలని అందరూ ఒప్పుకున్నారు. వాట్సాప్ గ్రూపులో పద్దెనిమిది బొటనవేళ్లు లేచాయి. కిటికీ మాత్రం రాలేదు, ఎందుకంటే ఎవరు చేయిస్తారో, ఎప్పటికో ఎవరూ రాయలేదు. కింద గుడ్‌మార్నింగ్ పూలు పడి ఆ మాట పైకి ఎక్కడికో పోయింది. చదువురానివాళ్లను వేలిముద్రగాళ్లని ఎకసెక్కం చేసిన జాతి మనది. ఆ రోజుల్లో వేలిముద్ర వేసినవాడు అప్పుకు కట్టుబడేవాడు. మన బొటనవేలికి ఆ బాధ్యత కూడా లేదు.

ఆఫీసుల సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలని 2005లో చట్టం రాస్తే తప్ప, కౌంటరు ఇవతల నిలబడ్డవాడి రోజుకు విలువ ఉందని మనం ఒప్పుకోలేదు. బల్ల అవతల ఉన్నదీ మన అన్నలూ, చెల్లెళ్లూ, మనమే. పొద్దున్నే డైరీలో “చేయాల్సిన ఫైళ్లు” అని అంకెలు రాసుకునే బదులు ఆ ఫైలు వెనకున్న మనిషి పేరు, మొదటిసారి వచ్చిన తేదీ రాసుకుంటే మధ్యాహ్నం టీ కొంచెం చేదుగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఇంట్లో క్యాలెండర్, జేబులో ఫోన్ ఎలాగూ మన చేతిలోనివే. ఊరి పుస్తకం మాత్రం అడిగితే తప్ప తెరుచుకోదు. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఆంధ్రప్రదేశ్‌లోనూ గ్రామసభ చట్టం పెట్టిన సభే. టెంటు వేస్తారు, నలుగురు పెద్దలు కుర్చీల్లో కూర్చుంటారు, కొత్త తీర్మానాలు గబగబా చదివేస్తారు, మిగిలిన సంతకాలు ఇళ్ల దగ్గరకు తిరిగి పెట్టించుకుంటారు. ఈసారి సభ జరిగినప్పుడు వెళ్దాం. ఒంటరిగా వద్దు, వీధికి నలుగురు చొప్పున వెళ్దాం. కొత్త తీర్మానం మొదలుకాకముందే లేచి, పోయిన సభ తీర్మానాలు చదవమందాం. ఎస్సీ కాలనీ డ్రైనేజీ, బడి మరుగుదొడ్డికి నీళ్లు, శ్మశానానికి దారి, ఏది రాశారు, ఏది అయింది, కానిదానికి ఎవరు పూచీ, ఒక్కొక్కటీ పైకి చదవాలి. రిజిస్టరు మండలాఫీసులో ఉండిపోయిందని కార్యదర్శి అంటే కోప్పడక్కర్లేదు. ఏ రోజు తెస్తారో అడిగి, ఆ తేదీని అక్కడే అందరి ముందూ ఫోన్‌లో పెట్టుకుందాం, ఆయన ఫోన్‌లో కూడా.