చెత్తబుట్టలో పడాల్సిన ముక్కలు

నాకు బేస్‌బాల్ రూల్స్ ఇప్పటికీ సరిగ్గా రావు. కానీ 1909లో అమెరికాలో సిగరెట్ పెట్టెలో పెట్టి ఇచ్చిన ఒక చిన్న అట్టముక్క వెనకవైపు ఉన్న సన్నని గీత గురించి మాత్రం అరగంట మాట్లాడగలను. మా రూమ్మేట్ రెండుసార్లు విన్నాడు పాపం. ఈసారి మీ వంతు.

సంగతేంటంటే, అమెరికన్ టొబాకో కంపెనీ 1909 నుంచి 1911 దాకా తన సిగరెట్ పెట్టెల్లో బేస్‌బాల్ ఆటగాళ్ల రంగుల కార్డులు పెట్టింది. పెట్టె నలక్కుండా అట్టలా పనికొస్తుంది, ఇంకో పెట్టె కొనడానికి ఎరలానూ పనికొస్తుంది. వీటిని అచ్చు వేసింది న్యూయార్క్‌లోని అమెరికన్ లితోగ్రాఫిక్ కంపెనీ. ఒక్కో రంగుకి ఒక్కో అచ్చు, ఒకదాని మీద ఒకటి. మన ఇళ్లలోకి రవివర్మ దేవుడి పటాలు వచ్చింది కూడా ఈ లితోగ్రఫీ పుణ్యమే. తర్వాత జెఫర్సన్ బర్డిక్ అనే ఆయన ఇలాంటి కార్డులన్నిటికీ కేటలాగ్ తయారుచేస్తూ ఈ సెట్టుకి టీ206 అని నంబరిచ్చాడు. దీంట్లో 520కి పైగా కార్డులున్నాయి. వెనకవైపు పీడ్‌మాంట్, స్వీట్ కాపొరల్ లాంటి బ్రాండ్ల ప్రకటనలుంటాయి.

ఏ కార్డు పక్కన ఏ కార్డు అచ్చయింది? ఏది ముందు, ఏది తర్వాత? కత్తిరించని పూర్తి షీటు ఒక్కటి కూడా ఇంతవరకు బయటపడలేదు. మరి ఎలా తెలుసుకుంటారు? తప్పుల్ని బట్టి! నన్ను పట్టుకున్నది ఇదే.

కటింగ్ మిషన్ కాస్త పక్కకి జరిగితే, కార్డు పైఅంచులో పైనున్న కార్డు తాలూకు పేరు కనిపిస్తుంది. చాలావాటిలో కిందా పైనా ఒకే పేరు. అంటే షీటులో నిలువు వరసలో అదే ఆటగాణ్ణి మళ్లీ మళ్లీ వేశారన్నమాట. ఫిలడెల్ఫియా ఆటగాడు షెర్రీ మగీ ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పు పడింది, తర్వాత దిద్దారు. ఆ తప్పు కార్డు దొరికేది ‘150 మంది ఆటగాళ్లు’ అని వెనక రాసున్న పీడ్‌మాంట్ ప్రకటనతోనే. మిగతా బ్రాండ్ల వంతు వచ్చేసరికి అచ్చు సరిచేసేశారని దాన్నిబట్టి ఊహించొచ్చు. ఇక నేను చెప్పిన గీత. వెనకవైపు అచ్చుపలక మీద పడ్డ గీతలు ఆ పీడ్‌మాంట్ కార్డుల మీద అలాగే దిగాయి. ఒక కార్డు అంచులో ఆగిన గీత ఇంకో కార్డు అంచులో మొదలవుతుంది. ఔత్సాహికులు వందలకొద్దీ స్కాన్లు ముందేసుకుని, గీతకి గీత అతికించి, వందేళ్ల కిందటి షీట్లని ముక్కముక్కగా మళ్లీ పేరుస్తున్నారు. జీతం లేదు, డిగ్రీ రాదు. అసూయగా ఉంటుంది నాకు.

ఇప్పుడు అసలు గొడవ. ఈ సెట్టులో అందరికీ తెలిసింది హోనస్ వాగ్నర్ కార్డు. ఆయన అభ్యంతరం చెప్పడంతో దాని ముద్రణ ఆగిపోయింది, ఇవాళ మిగిలినవి యాభై అరవై. వాటిలో ఒకదానికి 1991లో గ్రేడింగ్ సంస్థ పీఎస్‌ఏ పదికి 8 మార్కులు వేసింది. 2007లో అది 28 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. 2013లో బిల్ మాస్ట్రో అనే డీలర్ కోర్టులో ఒప్పుకున్నాడు: దాని పక్క అంచుల్ని తానే కత్తిరించి నున్నగా చేశానని.

నా దృష్టిలో ఆ కార్డు సెట్టులోకెల్లా పేదది. అరుదైనదానికి ధర పలుకుతుంది, అందంగా ఉంటే ఇంకా పలుకుతుంది, కాదనను. కొనేవాడి డబ్బు, వాడిష్టం. కానీ ‘కండిషన్’కి మార్కులు వేసే పద్ధతి ఉందే, అది వంకర కోతని తప్పుగా, రంగు జారడాన్ని తప్పుగా లెక్కేసి మార్కులు కోస్తుంది. మార్కుల కోసం అంచు చెక్కినవాడు అచ్చు కథలో ఒక పేజీ చింపినట్టే. మన ల్యాబ్ రికార్డులు గుర్తుకురావట్లేదూ? గ్రాఫు సరళరేఖ రావాలని రీడింగులు వండేస్తాం, పదికి పది పడతాయి. ఆ మీటరు ఎక్కడ తేడా చేస్తోందో మాత్రం ఇక ఎవరికీ తెలీదు. (నేనూ వండాను. ఏ సెమిస్టరో అడగొద్దు.)

కొన్ని వింత తప్పులకి మంచి ధరే వస్తుందని, మార్కెట్ వాటిని గుర్తిస్తోందని ఒక సీనియర్ వాదించాడు. నిజమే. మగీ కార్డు కొనాలంటే మా నాన్నగారి జీతం చాలదు. అయితే వెనక గీతలున్న మామూలు కార్డుకి, అంచు నలిగి మూల చిరిగినదానికి, ఆ గౌరవం లేదు. షీటుని తిరిగి కట్టేవాళ్లకి అక్కరకొచ్చేది అదే.

వాగ్నర్ కార్డుకి ఇరుపక్కలా ఎవరున్నారో ఆయన ఇంట్లో దొరికిందని చెప్పే అయిదు కార్డుల పట్టీ కొంత చెప్తుంది. మాస్ట్రో కోసిన ఆ సన్నటి పేలికలు ఇంకేమైనా చెప్పేవేమో. అవి ఏ చెత్తబుట్టలో పడ్డాయో!