సాండ్‌విచ్‌లు కట్టిన కోచ్

ఉన్నదాంట్లో సర్దుకుని గొప్ప పని చేసినవాళ్ళ కథలంటే మనందరికీ ఇష్టం. వీధి దీపం కింద చదివి ఆఫీసరైన కథ, చెప్పుల్లేకుండా పరిగెత్తి పతకం తెచ్చిన కథ. వక్తృత్వ పోటీలో ఇలాంటివి చెబితే చప్పట్లు గ్యారంటీ. కానీ చప్పట్లు కొట్టేటప్పుడు మనం ఒక ప్రశ్న అడగడం మరిచిపోతున్నాం అని నా అభిప్రాయం. ఆ పిల్లాడి ఇంట్లో దీపం ఎందుకు లేదు?

ఈ మాట చెప్పడానికి చాలా దూరం నుంచి ఒకాయన్ని పిలుచుకొస్తున్నాను. పేరు ఎడ్డీ రాబిన్‌సన్. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో గ్రాంబ్లింగ్ అనే చిన్న ఊరు, అక్కడి నల్లజాతి కాలేజీలో ఫుట్‌బాల్ కోచ్. హిస్టరీ పేపర్ కోసం అమెరికాలో జాతి వివక్ష గురించి చదువుతూ పోతుంటే ఈయన దగ్గర ఆగిపోయాను.

ముందు ఆట సంగతి. అమెరికన్ ఫుట్‌బాల్ మనం టీవీలో చూసే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తుతారు, విసురుతారు, అడ్డొచ్చినవాణ్ణి గుద్ది పడేస్తారు. ఒక్కో వైపు 11 మంది. అక్కడ కాలేజీ జట్ల ఆటలకే లక్షమంది పట్టే స్టేడియంలు ఉన్నాయి. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్ళందరిలోకీ ఎక్కువ జీతం కాలేజీ కోచ్‌దే, గవర్నరుది కూడా కాదు.

రాబిన్‌సన్ గారు 1919లో పుట్టారు. తండ్రి ఇంకొకరి భూమిలో పాలుకు సేద్యం చేసేవాడు, తల్లి ఇళ్ళలో పని చేసేది. పెరిగింది బాటన్ రూజ్‌లో. ఆ ఊళ్ళోనే లూసియానా స్టేట్ యూనివర్సిటీ ఉంది, పెద్ద ఫుట్‌బాల్ జట్టూ ఉంది. కానీ నల్లజాతి పిల్లలకు ఆ గేటు మూసి ఉండేది. ఆయన లీలండ్ అనే చిన్న నల్లజాతి కాలేజీలో చదివి ఆడారు. డిగ్రీ చేతికొచ్చాక దొరికిన పని పశువుల దాణా మిల్లులో, గంటకు 25 సెంట్లు. 1941లో, 22 ఏళ్ళ వయసులో, గ్రాంబ్లింగ్‌లో కోచ్ ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు 63 డాలర్ల 75 సెంట్లు.

మొదటి ఏడాది మూడు ఆటలు గెలిచి ఐదు ఓడారు. రెండో ఏడాది ఆడిన తొమ్మిదీ గెలిచారు, ఎదుటి జట్లకు ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా! 1997లో దిగిపోయేదాకా అదే కాలేజీ, అదే పని. మొత్తం 408 గెలుపులు. 1985లో అలబామా కోచ్ బేర్ బ్రయంట్ రికార్డు 323ని దాటేశారు. ఆయన చేతికింద నేర్చుకున్నవాళ్ళలో 200 మందికి పైగా ప్రొఫెషనల్ జట్లలోకి వెళ్ళారు. 1949లో ట్యాంక్ యంగర్ వెళ్ళాడు, నల్లజాతి కాలేజీల నుంచి జాతీయ లీగ్‌లో ఆడిన మొదటివాడు అతనే. 1988 జనవరిలో డగ్ విలియమ్స్ సూపర్ బౌల్ గెలిపించాడు. క్వార్టర్‌బ్యాక్ స్థానంలో, అంటే జట్టుకు మెదడు లాంటి స్థానంలో, నిలబడి ఆ కప్పు తెచ్చిన మొదటి నల్లజాతి ఆటగాడు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. రాబిన్‌సన్ గారి గురించి ఎవరు రాసినా ప్రేమగా చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. మైదానంలో సున్నం గీతలు ఆయనే గీసేవారట. కాలి మడమలకు పట్టీలు ఆయనే కట్టేవారట. ఆట వార్త కూడా ఆయనే రాసి పేపర్లకు పంపేవారట. పొద్దున్నే గంట మోగించుకుంటూ హాస్టల్లో తిరిగి అందర్నీ క్లాసుకు లేపేవారట. యుద్ధకాలంలో కాలేజీ జట్టు లేనప్పుడు హైస్కూలు పిల్లలకు కోచింగ్ ఇచ్చారు. కొందరు పిల్లల్ని పత్తి తీతకని ఇంట్లో ఆపేస్తే, మిగతా పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళి తానూ పత్తి తీశారు, ఆ పిల్లలు మళ్ళీ ఆటకు రావాలని. ఇక పైఊళ్ళకు వెళ్ళినప్పుడు దారిలో తినడానికి సాండ్‌విచ్‌లు కట్టించుకుని బస్సెక్కేవారు.

ఎంత అంకితభావం అనిపిస్తుంది కదా? నిజమే, నాకూ అనిపించింది. కానీ సాండ్‌విచ్‌లు ఎందుకు కట్టారు? దారిలో ఉన్న హోటళ్ళు నల్లజాతి పిల్లల్ని లోపలికి రానిచ్చేవి కాదు, అందుకు. గీతలు ఆయనే ఎందుకు గీశారు? ఆ పనికి మనిషిని పెట్టడానికి రాష్ట్రం డబ్బివ్వలేదు, అందుకు. మనం సాండ్‌విచ్‌ని మాత్రం మెచ్చుకుని ముందుకెళ్ళిపోతే, తలుపు మూసిన హోటలు మన కథలోంచి తప్పించుకుంటుంది.

"కష్టాలు లేకపోతే అంత గొప్పవాడు అయ్యేవాడా?" అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. దానికి జవాబు బేర్ బ్రయంట్ దగ్గరుంది. ఆయనకు పెద్ద యూనివర్సిటీ, పెద్ద స్టేడియం, డబ్బు అన్నీ ఉన్నాయి. ఆయనా గొప్ప కోచ్ అయ్యాడు. గొప్పతనానికి లేమి తప్పనిసరి కాదు. పైగా లేమిలో ఎంతమంది కోచ్‌లు, ఎంతమంది ఆటగాళ్ళు పేరు లేకుండా పోయారో ఏ పుస్తకంలోనూ ఉండదు. గెలిచినవాడి కథ ఒక్కటే మన దాకా వస్తుంది.

తర్వాత జరిగింది ఇంకా ఆలోచించాల్సినది. 1970 ప్రాంతంలో దక్షిణాది పెద్ద యూనివర్సిటీలు నల్లజాతి ఆటగాళ్ళకు తలుపులు తెరిచాయి. అలబామాలో స్కాలర్‌షిప్ మీద మొదటి నల్లజాతి ఆటగాడు చేరింది 1970లోనే. అది న్యాయం, రావాల్సిన న్యాయం. కానీ ఇన్నాళ్ళూ ఆ పిల్లల్ని కడుపులో పెట్టుకుని కాపాడిన గ్రాంబ్లింగ్ లాంటి కాలేజీల దగ్గర్నుంచి మంచి ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వెళ్ళిన పిల్లల తప్పు ఇందులో ఏమీ లేదు. తలుపు తెరిచినవాళ్ళు ఆ చిన్న కాలేజీలకు ఏం బాకీ ఉన్నారో ఎవరూ లెక్క కట్టలేదు, అదీ తప్పు. రాబిన్‌సన్ గారి చివరి మూడేళ్ళూ గెలుపులకంటే ఓటములే ఎక్కువ. 1996లో ఆయన్ని దింపేయాలని కూడా చూశారు. గొడవ అయ్యాక ఇంకో ఏడాది ఉండనిచ్చారు.

ఆయన 2007లో చనిపోయారు. 2010లో అక్కడ ఆయన పేరుతో మ్యూజియం తెరిచారు. 2013 అక్టోబరులో అదే కాలేజీ ఆటగాళ్ళు ఒక మ్యాచ్‌కు వెళ్ళేది లేదని కూర్చున్నారు. గదుల్లో బూజు, దూర ప్రయాణాలకూ బస్సులే. మ్యాచ్ పోయింది. అంటే సర్దుకుపోయిన మనిషికి మ్యూజియం కట్టారు గానీ సర్దుకోవాల్సిన అవసరాన్ని మాత్రం అలాగే ఉంచేశారు.

రాబిన్‌సన్ గారు జెండా పట్టుకుని నిరసన చేసిన మనిషి కాదు. తన దేశాన్ని గట్టిగా నమ్మారు, కుర్రాళ్ళకూ అదే చెప్పారు. ఆయన చేయగలిగింది ఆయన చేశారు. అడగాల్సిన పని మిగతావాళ్ళది.

ఇక మన సంగతి. వాళ్ళు పడిన అన్యాయంతో మన ఇబ్బందిని పోల్చను, పోల్చకూడదు. కానీ మెచ్చుకునే అలవాటు మాత్రం ఒకటే. మా ఇంట్లో అమ్మది తమిళం, నాన్నది తెలుగు. నాన్న తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు, బడిలో తెలుగు లేదు కాబట్టి. నాకు అక్షరాలు నేర్పింది అవ్వ, మిగతాదంతా ఈ డిపార్ట్‌మెంటే. పోయిన ఏడాది రిటైరైన మేడమ్ స్థానం ఇంకా ఖాళీగానే ఉంది. ఉన్న మేడమ్ రెండు క్లాసుల్ని కలిపి చెబుతున్నారు. ఈ గోడపత్రిక చార్టులు కూడా ఆవిడ తన డబ్బుతో తెస్తారు. ఉగాది ఫంక్షన్‌లో ఆవిడ అంకితభావానికి శాలువా కప్పి చప్పట్లు కొట్టాం.

మార్కుల కోసం ఫ్రెంచ్ తీసుకున్న స్నేహితురాళ్ళను తిట్టడం మానేద్దాం. వాళ్ళు తెరిచి ఉన్న తలుపులోంచి వెళ్ళారు, అంతే. శాలువాతో పాటు ఆ ఖాళీ పోస్టు కూడా అడుగుదాం. ఈ వ్యాసం పక్కన ఒక తెల్ల కాగితం అంటించాను, ప్రిన్సిపల్ గారికి రాసిన విన్నపం అది. నాలుగే వాక్యాలు. చదివి, సరే అనిపిస్తే కింద పేరు, క్లాసు రాయండి. పెన్ను దారానికి కట్టి ఉంది.