త్రాగుడు మానినవారికి నాటకరంగము

దీపములు పెట్టువేళ అబిడ్సునుండి నాంపల్లి స్టేషనువరకు నడచి చూచినవారికి ఒక సంగతి బోధపడకపోదు. పని ముగిసిన మనుష్యుడు ఇంటికి మరలుటకు ముందు ఎక్కడనైన కొంతసేపు నిలువగోరును. మాసిన బట్టలతో వచ్చినను ఊరు పేరడుగక లోనికి పిలుచునది మద్యపు దుకాణమే. చికిత్సపొంది త్రాగుడు మానినవానికి ఈ సంధ్యాసమయమే గండము. ఈ రెండు గంటలను నాటకమున కప్పగింపుడని మా మనవి.

త్రాగుడును ఖండించు నాటకములు మనకు క్రొత్తవి కావు. కాళ్లకూరి నారాయణరావుగారు "మధుసేవ" రచించిరి. నెల్లూరు జిల్లా అక్షరాస్యతోద్యమమున కళాజాతలు ఆటపాటలతో ఊరూర దిరిగినవి. 1992లో దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిరి; 1993 అక్టోబరు 1న సారా నిషిద్ధమయ్యెను; 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను; 1997లో అదియు తొలగెను. దుకాణమును మూయుట శాసనమునకు సాధ్యమే. త్రాగువాని సాయంకాలమును నింపుట శాసనమునకు సాధ్యమా?

మరియు మన రంగమున త్రాగుబోతు ఎవడు? తూలిపడి నవ్వించువాడు, లేదా ఆలిని కొట్టు దుర్మార్గుడు. వానిని చూచిన త్రాగువాడు తలవంచుకొనునే కాని మారడు. వానికి సిగ్గు కొరతగా లేదు. ఆ సిగ్గును మరచుటకే మరల త్రాగుచున్నాడు. కావున వానిని రంగము ముందర కూర్చుండబెట్టుటకంటె రంగముపై నిలుపుట మేలు. వ్యసనమునుండి బయటపడిన ఫిల్ ఫాక్సు 1999లో లండను నగరమున స్థాపించిన ఔట్‌సైడ్ ఎడ్జ్ నాటకసంస్థ చేయుచున్న పని యిదియే.

ఇందలి మర్మము సులభము. ఒకడు రానిచో పదిమంది యభ్యాసము నిలిచిపోవును. తనకొరకు ఎదురుచూచువారు గలరను తలంపు ఎన్ని హితబోధలకైన మిన్న. వానికి త్రాగుబోతు వేషమే యీయనక్కరలేదు; హరిశ్చంద్రుని వేషమిండు. ఆడినమాట తప్పని రాజుగా తండ్రి నిలుచుట బిడ్డలు కన్నులార చూతురుగాక! వాని గాయమును వానినోటనే చెప్పించి చప్పట్లు కొట్టుట మాత్రము కూడదు. అది సేవ కాదు, వినోదము.

నాటకము ఔషధమని మేము చెప్పుట లేదు. 2015లో తెలంగాణమున కల్తీకల్లు నరికట్టినప్పుడు మత్తుమందు కలిసిన కల్లున కలవాటుపడినవారు వణకుచు, మతిచలించి ఆసుపత్రుల పాలైరి. 2020లో లాక్‌డౌను వచ్చి మద్యము దొరకనప్పుడు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు జనులు బారులు తీరిరి. హఠాత్తుగా మానుట ప్రాణాపాయము. ముందు వైద్యుడు, తరువాతనే సూత్రధారుడు.

నాటకసమాజములే త్రాగుడునకు నెలవులు గదా యని కొందరందురు. ఆ మాట నిరాధారము కాదు. కాని 1885లో కడపజిల్లా సురభిగ్రామమున వనారస గోవిందరావుగారు మొదలిడిన సంప్రదాయమును తలపుడు. అందు కుటుంబమే సమాజము. అవ్వకును, పసివానికిని పని యుండును. ఆ సురభివారు నాంపల్లి పబ్లిక్ గార్డెన్సునందు ఏండ్లతరబడి నాటకములాడిరి. మానినవానితోపాటు వాని యాలుబిడ్డలను గూడ సమాజమున చేర్చినచో కాపలా వేరుగా నక్కరలేదు.

ఈ పేటలలో సంధ్యవేళ తాళమువేసిన పాఠశాలలు, సభామందిరములు ఎన్ని లేవు? వాని యజమానులు ఒక గదిని, ఒక దీపమును ఇచ్చినచాలును. దుకాణము ప్రతిదినము తలుపు తెరచుచునే యున్నది. దాని కెదురుగా మరియొక తలుపు తెరచు భాగ్యశాలి యెవరో?