పసివారికి రెండు ఘడియల ప్రశాంతి

మధ్యాహ్న భోజనమైన పిమ్మట నాలుగేండ్ల బిడ్డ తాను నిద్రపోదు, ఇతరులను నిద్రపోనీయదు. అట్టి వేళ నేడు అనేక గృహములలో సెల్‌ఫోను బిడ్డ చేతికి వచ్చుచున్నది. ఇల్లు సద్దుమణగుచున్నది, కాని బిడ్డ మనస్సునకు విశ్రాంతి లభించినదని చెప్పజాలము.

మూడవ యేటికిని ఐదవ యేటికిని నడుమ పెక్కుమంది పిల్లలు పగటినిద్రను మానివేయుదురు. నిద్ర మానినంతమాత్రమున విశ్రాంతి అనావశ్యకము కాదు. ఉదయమంతయు బడిలో పెద్దల ఆజ్ఞల ననుసరించి వచ్చిన బిడ్డకు, ఎవరును ఏమియు నేర్పని కొంత కాలము కావలెను. కావున ప్రతిదినము ఒకే వేళకు పిల్లలకు ప్రశాంత సమయమును ఏర్పరచుట అవసరమని మా అభిప్రాయము.

నిశ్శబ్దము పిల్లల స్వభావమునకు విరుద్ధమని తలంచుట పొరపాటు. 1907లో రోము నగరమున శిశుగృహమును స్థాపించిన మరియా మాంటిసోరి పిల్లలచే నిశ్శబ్దక్రీడ ఆడించెడివారు. పిల్లలు కదలక మెదలక కూర్చుండి, తమ పేరు మెల్లగా వినవచ్చినప్పుడు అడుగుల చప్పుడు కాకుండ లేచి వచ్చెడివారు. 1939లో ఆమె మద్రాసు అడయారునకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ నొసగిరి. ఆటగా చూపినచో పిల్లలు నిశ్శబ్దమును ప్రీతితో స్వీకరింతురనుటకు ఇదియే నిదర్శనము.

రెండు మొదలు నాలుగేండ్ల పిల్లలు తెరల ముందు గడుపు కాలము దినమునకు ఒక గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించినది. కూర్చుండు వేళ పెద్దలతో కలిసి పుస్తకము చూచుట, కథ వినుట మేలనియు పేర్కొన్నది.

ఒంటరిగా ఆడుకొను బిడ్డ తనలో తాను మాటలాడుకొనును. అది వ్యర్థప్రలాపము కాదు. ఆలోచనను నడపుకొను సాధనమని రష్యా మనస్తత్వవేత్త వైగాట్‌స్కీ వివరించెను. వీధిలో నొక భాష, బడిలో మరియొక భాష వినుచుండు మన పిల్లలకు, తమ బొమ్మలతో ఇంటి భాషలో ముచ్చటించు తీరిక ఈ ఘడియలలో దొరకును.

ఆచరణ కష్టము కాదు. తొలుత అర ఘడియ, అనగా 12 నిమిషములు చాలును. క్రమముగా రెండు ఘడియలకు, అనగా 48 నిమిషములకు పెంచవచ్చును. ఒక చాప, బొమ్మల పుస్తకము, పలక, కొయ్యబొమ్మలు ఉన్న చాలును. గింజలు, గోలీలు పసివారు మింగు ప్రమాదము కలదు గనుక ఈయరాదు. పెద్దలు కనుచూపు మేరలో నుండవలెను. నిద్ర వచ్చిన నిద్రింపనీయుడు. రాకున్న బలవంతము వలదు. అల్లరికి శిక్షగా మాత్రము దీనిని వాడరాదు. వాడినచో ఆ చాపయే చెరసాల యగును.

ఒకే గదిలో అందరు నుండు ఇండ్లలో ఇది సాధ్యమా యని కొందరు అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. కాని స్థలాభావము కంటె పెద్దల సందడియే పెద్ద ఆటంకమని మా తలంపు. టెలివిజను మ్రోగుచుండగా బిడ్డను మౌనముగా నుండుమనుట అన్యాయము. పగలు పనికి పోవువారు సాయంకాలము నిర్ణయించుకొనవచ్చును. ఈ భారము తల్లి ఒక్కతెయే మోయరాదు. తండ్రియు, తాతయు తమ ఫోనులను అటక మీద పెట్టి ఆ రెండు ఘడియలు పాటింపవలెనని మా మనవి. పెద్దలు పాటింపని నియమమును పిల్లలు పాటింపరు.