గ్రాంటు నడుగబోవు మన యువకులు

శృంగవరపుకోట ప్రాంతపు బిడ్డలు చదువున వెనుకబడినవారని యెవ్వరును అనజాలరు. 1926లో నేర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయమువలన విశాఖపట్టణము మనకు విద్యకును దగ్గరయే యైనది. అయినను పరిశోధనకు ధనము వేడుటకై నిపుణుల కమిటీ యెదుట నిలువవలసి వచ్చినప్పుడు మనవారిలో పలువురకు నోరు పెగలకున్నది. ఇది తెలివి లేమి కాదు, అభ్యాసము లేమి యని మా యభిప్రాయము.

ధనము లేకపోలేదు. 2023 నాటి చట్టముచే నేర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధనా ఫౌండేషనునకు అయిదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు వలయునని యంచనా వేసిరి. అందు కేంద్ర ప్రభుత్వపు వంతు 14,000 కోట్లు; తక్కినది పరిశ్రమలు, దాతలు మొదలగువారినుండి రావలయునట. (వచ్చుననియే కోరుదము.) వెల్కం ట్రస్టు, భారత ప్రభుత్వ జీవసాంకేతిక శాఖ కలసి 2008లో స్థాపించిన ఇండియా అలయన్సు మన హైదరాబాదులోనే కలదు, అదియు అభ్యర్థులను ఇంటర్వ్యూ చేసియే ఫెలోషిప్పుల నిచ్చును. ఇందు ప్రజల పన్నుల సొమ్మున్నది గనుక అడుగువానిని నిలదీయుట న్యాయమే.

మన పొలములలోని చోడిపంటపై ఒక యువకుడు పరిశోధన చేయదలచె ననుకొందము. వ్రాసికొన్నది వల్లెవేసి, మంచి చొక్కా తొడుగుకొని బోవును. విజయనగరము వ్యవసాయ పరిశోధన స్థానమువారు భారతి, శ్రీచైతన్య మున్నగు చోడి వంగడములను ఇదివరకే యిచ్చిరి గదా, నీవు క్రొత్తగా చేయున దేమని మొదటి ప్రశ్న. తొలియేడు వానలు తప్పినచో నీ పని యేమగు నని రెండవది. ఇంత వెలగల యంత్రము నీకేల, విశ్వవిద్యాలయములో నున్నదానితో జరుగదా యని మూడవది. వల్లెవేసిన పాఠములో వీనికి జవాబులుండవు. కమిటీలో అందరును చోడి నెరిగినవారు కారు. రసాయన శాస్త్రజ్ఞుడొకడు, గణిత పండితుడొకడు నుండవచ్చును. వారికి సైతము రెండు నిమిషములలో విషయము బోధపడవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పి, తెలిసికొను మార్గము చెప్పువానిని పెద్దలు మెత్తురు. డొంకతిరుగుడు మాటలను ఇట్టే పసిగట్టుదురు.

గిడుగు రామమూర్తి పంతులుగారి సవరభాషా గ్రంథమును మద్రాసు ప్రభుత్వము 1931లో ప్రకటించినది. అంతకు ఎన్నో యేండ్ల ముందే వారు సవరలతో కూర్చుండి ఆ భాష నేర్చిరి. ఎల్లాప్రగడ సుబ్బారావుగారి అమెరికా చదువునకు కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ తోడ్పడినది. పనివాడును, పనికి వెనుక నిలుచు ఊరును, రెండును మన జిల్లాలకు క్రొత్త గావు.

కావున మేము కోరున దొక్కటి. ఇంటర్వ్యూ పిలుపు వచ్చిన యువకుని ఒక ఆదివారపు సాయంకాలము పట్టణ గ్రంథాలయమున నిలువబెట్టి వకీలు, లెక్కల మాస్టరు, బ్యాంకి గుమాస్తా, చోడి పండించు రైతు చుట్టును కూర్చుండి అడుగవలెను. మొదట తెలుగున, పిమ్మట ఇంగ్లీషున జవాబు చెప్పవలెను. గడియారము బల్లపై నుండవలెను. పొగడుటకు వచ్చు బంధువు లానాడు ఇంటనుండుటయే మేలు. ఖర్చుల పట్టికను బ్యాంకివానికిని, పైరు సంగతి రైతునకును విడిచిపెట్టినచో, ఢిల్లీ ప్రశ్నలకంటె కఠినమైనవే పుట్టగలవు. గ్రంథాలయ పాలకులు ఇందుకు గదిని ఉచితముగా నిత్తురనియు, కళాశాలవారు వేసవి సెలవులకు ముందే ఒక్కసారియైన దీనిని జరిపింతురనియు నమ్ముచున్నాము.